వీధి చివర ఇంకుడు గుంత ఎందుకు పొంగుతుంది? ఇరవై ఇళ్ల వాడుక నీటిని ఊళ్లోనే ఇంకించే పద్ధతి

“వీధి చివర పెద్ద గుంత తీశాం, రాళ్లు నింపాం. ఏడాది తిరక్కుండానే పొంగి రోడ్డెక్కింది. ఇప్పుడేం చేయమంటారు?” మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉదయగిరి వైపు నుంచి ఒకరు అడుగుతారు, సింగరాయకొండ వైపు నుంచి ఇంకొకరు, కోవూరు పక్క పల్లె నుంచి మరొకరు. నేలలు మూడు రకాలు, ప్రశ్న మాత్రం ఒక్కటే. ఫోన్లో చెప్పీ చెప్పీ గొంతు పోతోంది కాబట్టి మొత్తం ఒకచోట రాస్తున్నాను.

గుంత పొంగడానికి కారణాలు రెండే. ఒకటి, ఎన్ని నీళ్లొస్తాయో, నేల ఎన్ని తాగుతుందో లెక్క కట్టకుండా తవ్వడం. రెండు, గుంతకు ముందు మడ్డి దిగే తొట్టి లేకపోవడం. మా వీధిలో మొదటి గుంత తవ్వించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఇరవై రెండు ఇళ్లకు ఒకే గుంత, ఆరడుగుల లోతు, నిండా రాళ్లు. వినాయక చవితి దాకా భేషుగ్గా ఉంది. దీపావళికి వీధంతా కంపు, దోమలు. రాళ్లు పైకి తీసి చూస్తే ఒక్కో రాయికీ సబ్బు, నూనె, బూడిద కలిసి నల్లటి జిగురు పట్టి ఉంది. ఆ రాళ్లను కడిగిన రోజున నేర్చుకున్నదే ఈ కింద రాసిందంతా.

ఇది స్నానాలు, అంట్లు, బట్టల నీళ్లకు మాత్రమే. మరుగుదొడ్డి నీళ్లకు కాదు. ఏ ఇంటి సెప్టిక్ ట్యాంకు పైపైనా సైడు కాలువలోకి వదిలి ఉంటే ముందు దాన్ని ఆపించి, వాళ్ల ఆవరణలోనే విడిగా గుంత తీయించండి. మాట పట్టింపులు వస్తాయి, తెలుసు. అయినా ఇది తేలకుండా పలుగు పట్టొద్దు.

కావలసినవి

- 20 లీటర్ల బకెట్టు, టైము చూసుకోవడానికి సెల్‌ఫోను
- టేపు, మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ ట్యూబు
- పలుగు, పార, గమేళాలు
- తొట్టికి ఇటుక, సిమెంటు, ఇసుక, మూతలకు కడప బండలు
- గుంతలకు చిల్లులున్న సిమెంటు వరలు, లేదా జాలీ కట్టుకు ఇటుకలు
- 20 నుంచి 40 మిల్లీమీటర్ల కంకర
- నాలుగంగుళాల పీవీసీ పైపు, టీలు (T ఆకారపు పైపు ముక్కలు), ఎల్బోలు (మలుపు ముక్కలు)
- వేలు దూరేంత సందులున్న ఇనుప జాలీ
- అన్నిటికన్నా ముందు, తొట్టి శుభ్రం చేసే మనిషి ఎవరో తేల్చి, పంచాయతీ పుస్తకంలో రాయించిన తీర్మానం

డబ్బు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్వచ్ఛ భారత్ మిషన్ గ్రామీణ్ రెండో దశ 2020లో మొదలైంది. దాని మార్గదర్శకాల్లో 5,000 జనాభా లోపు ఊళ్లకు వాడుక నీటి పనుల కోసం మనిషికి గరిష్ఠంగా 280 రూపాయలు పెట్టారు. 80 మంది ఉన్న వీధికి లెక్కేస్తే 22,400. దీంతోనే అన్నీ అయిపోతాయని ఆశ పెట్టుకోవద్దు. మీరు మొదలుపెట్టే రోజుకు ఏ పద్దు నడుస్తోందో పంచాయతీ కార్యదర్శిని, గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటును అడగండి. అంచనా వాళ్ల చేతే వేయించండి.

1. నీళ్లు కొలవండి

కుళాయి పథకాల్లో మనిషికి రోజుకు 55 లీటర్ల లెక్కన నీళ్లిస్తారు. అందులో తాగడానికి, వంటకు, గేదెల కుడితికి, మరుగుదొడ్డికి పోగా కాలువలోకి వచ్చేది సుమారు 40 లీటర్లు అనుకోండి. ఇరవై ఇళ్లు, ఇంటికి నలుగురు అంటే 80 మంది, రోజుకు 3,200 లీటర్లు.

ఇది కాగితం లెక్క. సొంత బోర్లున్న వీధుల్లో ఇంతకు మించి వస్తుంది. అందుకే ఒక రోజు తెల్లవారుజామున 5 నుంచి రాత్రి 9 దాకా గంటకోసారి కాలువ చివర బకెట్టు పెట్టి, ఎన్ని సెకన్లకు నిండుతోందో రాయండి. 40 సెకన్లకు నిండితే ఆ గంటకు 1,800 లీటర్లన్న మాట. ఆదివారం కూడా ఒకసారి కొలవండి. బట్టలన్నీ ఆ రోజే ఉతుకుతారు, చేపలు కూడా ఆ రోజే కడుగుతారు. కాగితం లెక్క, బకెట్టు లెక్కల్లో ఏది ఎక్కువైతే దాన్నే పట్టుకోండి.

2. చోటు చూడండి

తాగునీటి బోరుకు, చేతి పంపుకు, బావికి కనీసం 10 మీటర్లు దూరం ఉండాలి. ఇసుక నేలల్లో నేనైతే 15 మీటర్లకు తగ్గనివ్వను. నీళ్లు తమంతట తామే పారాలి కాబట్టి వీధికి పల్లపు వైపు ఉండాలి. అలాగని వానకు నీళ్లు నిలిచే చోటు పనికిరాదు.

గుంత అడుగుకూ, భూగర్భ జలానికీ మధ్య కనీసం 2 మీటర్ల పొడి నేల ఉండాలి. నీళ్లను శుభ్రం చేసేది ఆ పొడి నేలే. మన వైపు అందరూ చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. మే నెలలో బావిలోకి తొంగి చూసి “నలభై అడుగుల లోతులో ఉన్నాయి, ఫర్వాలేదు” అంటారు. మన రెండు జిల్లాల్లోనూ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పెద్ద వానలు పడతాయి. నవంబరు చివర అదే బావి చూడండి, చేత్తో ముంచుకునేంత పైకి వచ్చి ఉండొచ్చు. తవ్వేది ఎండాకాలంలోనైనా, లోతు నిర్ణయించేది మాత్రం నవంబరు నీటి మట్టాన్ని బట్టే.

కుళాయి పైపులు కాలువ లోంచి, కాలువ పక్క నుంచి ఎక్కడెక్కడ పోతున్నాయో కూడా ఈ రోజే చూసుకోండి. మన ఊళ్లలో నీళ్లు రోజుకు గంటో రెండు గంటలో వదులుతారు. వదలని వేళ పైపులో ఒత్తిడి ఉండదు, జాయింటు దగ్గర సన్నటి పగులున్నా మురుగు లోపలికి లాక్కుంటుంది. అలాంటి పైపును కాలువ దాటించి పైకి వేయించండి.

3. నేల ఎంత తాగుతుందో పరీక్షించండి

దయచేసి ఈ మెట్టు వదిలేయకండి. ఖర్చు లేదు, ఒకటిన్నర రోజు పని.

గుంత తవ్వబోయే చోట, సగం లోతు దాకా దిగి, అక్కడ జానెడు నుంచి అడుగు వెడల్పున చిన్న గొయ్యి తీయండి. పార తగిలి నున్నగా మెరిసే పక్కలను మేకుతో గీకండి, లేకపోతే నీళ్లు ఇంకవు. అడుగున 5 సెంటీమీటర్ల సన్న కంకర వేసి, దాని పైన 30 సెంటీమీటర్లు నీళ్లు పోసి మర్నాటి దాకా వదిలేయండి. పొడి నేల మొదట్లో ఆబగా తాగుతుంది, ఆ వేగం నమ్మదగ్గది కాదు.

మర్నాడు నీళ్లు మిగిలి ఉంటే వాటిని కంకర పైన 15 సెంటీమీటర్ల మట్టానికి సరిచేసి, అరగంటలో ఎంత దిగాయో కొలవండి. ఏమీ మిగలకపోతే 15 సెంటీమీటర్లు పోసి, అరగంటకోసారి కొలుస్తూ, మళ్లీ నింపుతూ నాలుగు గంటలు చేయండి. చివరి అరగంట కొలతే లెక్కలోకి తీసుకోండి. పోసిన నీళ్లు అరగంట కూడా నిలవని ఇసుక నేలైతే పది నిమిషాలకోసారి, ఒక గంట పాటు కొలిస్తే చాలు.

ఇప్పుడు 25 మిల్లీమీటర్లు, అంటే అంగుళం దిగడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో చూడండి. భారతీయ ప్రమాణం ఐఎస్ 2470 ప్రకారం గుంత పక్క గోడ చదరపు మీటరుకు రోజుకు ఇంకే నీళ్లు సుమారుగా ఇవి:

- 5 నిమిషాలైతే 90 లీటర్లు
- 10 నిమిషాలైతే 65 లీటర్లు
- 30 నిమిషాలైతే 37 లీటర్లు

30 దాటితే గుంతలు వద్దు. 30 నుంచి 60 దాకా లోతు తక్కువ, పొడవు ఎక్కువ ఉన్న కంకర కందకాలు తవ్వుకోవాలి. 60 దాటితే ఆ నేల నీళ్లు తాగదు, ఇంకించే ఆలోచన మానేసి నేరుగా 7వ మెట్టుకు వెళ్లండి. నల్లరేగడిలో సాధారణంగా జరిగేది ఇదే. ఎండాకాలం నెర్రెలిచ్చిన రేగడిలో నీళ్లు బుసబుసా దిగిపోతుంటే మోసపోకండి. ఆ నెర్రెలు మొదటి వానకే మూసుకుపోతాయి.

4. గుంతలెన్నో తేల్చండి

గుంత అడుగును లెక్కలో వేసుకోకూడదు. మడ్డి దిగి అది ముందే మూసుకుపోతుంది. పక్క గోడలే పనిచేస్తాయి.

మన ఉదాహరణలో 3,200 లీటర్లు. నేల 10 నిమిషాల రకం అనుకుంటే 3,200ను 65తో భాగించాలి, 49 చదరపు మీటర్లు కావాలి. 2 మీటర్ల వెడల్పు, నీళ్లు నిలిచే లోతు 2 మీటర్లు ఉన్న గుండ్రటి గుంతకు పక్క గోడ పన్నెండున్నర చదరపు మీటర్లు. అంటే నాలుగు గుంతలు. అదే 30 నిమిషాల గట్టి నేలైతే ఏడు గుంతలు. ఇప్పుడు ఆలోచించండి, ఇరవై ఇళ్లకు ఒక్క గుంత తీసి “పొంగుతోంది” అంటే తప్పు గుంతదా?

నాలుగు చాలని లెక్క వచ్చినా వీలుంటే ఐదోది తవ్వండి. వంతులవారీగా ఒకదాన్ని ఎండబెట్టుకోవచ్చు. గుంతకూ గుంతకూ మధ్య కనీసం గుంత లోతంత ఎడం వదలండి. అంత చోటు లేదంటే వీధిని రెండు ముక్కలు చేసి అటు కొన్ని, ఇటు కొన్ని పెట్టుకోండి. దొడ్డి ఉన్న ఇళ్లు తమ నీళ్లను అరటి, కొబ్బరి మొదళ్లకు మళ్లించుకుంటే ఇంకా మంచిది, మీ 3,200లో అంత తగ్గినట్టే.

5. తొట్టి కట్టండి

పని మొత్తానికి ప్రాణం ఇది. లోపలి కొలత పొడవు 1.5 మీటర్లు, వెడల్పు 90 సెంటీమీటర్లు, నీటి లోతు 90 సెంటీమీటర్లు. 1,200 లీటర్లు పడుతుంది.

కాలువ నీళ్లు తొట్టిలోకి దిగే చోట ఏటవాలుగా జాలీ పెట్టండి. ప్లాస్టిక్ కవర్లు, షాంపూ ప్యాకెట్లు, చేప పొలుసులు అక్కడే ఆగాలి. తొట్టి మధ్యలో అడ్డగోడ కట్టి, నీటి మట్టానికి సగం కింద మాత్రమే దారి వదలండి. బయటికి పోయే పైపుకు టీ బిగించి, దాని కింది కాలు నీళ్లలోకి అడుగు లోతు దిగేలా చూడండి. నూనె, సబ్బు తెట్టు పైన తేలుతుంది, ఇసుక, బూడిద అడుగున కూర్చుంటాయి, మధ్యలోని తేట నీళ్లే గుంతకు వెళ్తాయి. టీ ముక్క ఖర్చు మిగుల్చుకోవాలని ఉత్త పైపు పెట్టే మేస్త్రీలుంటారు. ఒప్పుకోవద్దు. తెట్టంతా గుంతలోకే పోతుంది.

తొట్టికి ముందు కాలువలో పలక దిగే గాడి ఒకటి పెట్టించండి. పెద్ద వాన పడ్డప్పుడు పలక దించి వాన నీళ్లను పక్క దారిన వాగులోకి పంపేయాలి. తుపాను రోజున ఒక గంట వాన మీ గుంతలను ఒండ్రుతో పూడ్చేయగలదు.

మూత బండలు ఇద్దరు ఎత్తగలిగేంత బరువుండాలి. తేలికైతే పిల్లలు జరిపేస్తారు, మరీ బరువైతే ఎవరూ ఎత్తి శుభ్రం చేయరు.

6. గుంతలు కట్టండి

రాళ్లు నింపిన గుంత నాకు నచ్చదు. జిగురు పట్టాక కడగలేం, లోపలేం జరుగుతోందో కనబడదు. లోపల ఖాళీగా వదిలి, చుట్టూ చిల్లుల వరలు దించడమో, ఇటుకకూ ఇటుకకూ సందు వదిలి జాలీ కట్టు కట్టడమో మేలు. గోడకూ మట్టికీ మధ్య 15 సెంటీమీటర్ల మందాన కంకర పోయండి. చీమకుర్తి చుట్టుపక్కల వాళ్లకు గ్రానైటు ముక్క రాళ్లు దగ్గర్లోనే దొరుకుతాయి, కొట్టించి వాడుకోవచ్చు. ఏ రాయైనా కడిగి వేయాలి. క్రషర్ దుమ్ముతో సహా పోస్తే మొదటి రోజే సందులు మూసుకుపోతాయి.

పైన అడుగున్నర మేర సందులు లేకుండా గట్టి గోడ కట్టి, బండతో మూసి, అంచులకు సిమెంటు పూయండి. దోమ దూరే సందు ఉండకూడదు. ఒక మూల నాలుగంగుళాల పైపు ముక్క నిలబెట్టి మూత బిగిస్తే, తర్వాత మట్టం కొలవడానికి పనికొస్తుంది.

తొట్టి నుంచి వచ్చే నీళ్లను చిన్న పంపిణీ పెట్టెలోకి తీసుకుని, అక్కడి నుంచి ఒక్కో గుంతకు ఒక్కో పైపు ఇవ్వండి. ఆ పైపులన్నీ ఒకే మట్టంలో ఉండాలి. కంటి అంచనా పనికిరాదు, లెవెల్ ట్యూబు పెట్టాల్సిందే. ఒక పైపు అర అంగుళం కిందికున్నా నీళ్లన్నీ దానికే పోయి, ఆ గుంత ఒక్కటే మునిగి మిగతావి ఎండుగా కూర్చుంటాయి.

జాగ్రత్త: ఇసుక నేలలో నిలువు గుంత తవ్వుతూ మనిషిని దించొద్దు, పక్కలు కూలతాయి. వరలు దించుకుంటూ తవ్వండి. వాడుకలో ఉన్న గుంతలోకి, మూసి ఉన్న తొట్టిలోకి ఎవ్వరినీ దించొద్దు. లోపలి విషవాయువు కంటికి కనపడదు. సెప్టిక్ ట్యాంకుల్లో, మురుగు కాలువల్లో రక్షణ లేకుండా మనిషిని దించి శుభ్రం చేయించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.

7. ఇంకని నేలకు, నీరు పైనే ఉన్న నేలకు: మొక్కల మడి

పెన్నా కింది రేగడి పల్లెలకు, కొత్తపట్నం, వాకాడు లాంటి తీరంలో నాలుగడుగులకే నీరు తగిలే ఊళ్లకు ఇది. తొట్టి మామూలే. గుంతల బదులు కంకర మడి.

80 మందికి 12 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 60 సెంటీమీటర్ల లోతు. అడుగున, పక్కలకు లైనర్, అంటే నీళ్లు దిగని ప్లాస్టిక్ పట్టా పరచాలి. నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల గుంటలకు పరిచే లైనరే సరిపోతుంది. అడుగును నీళ్లు వెళ్లిపోయే వైపుకు మీటరుకు సెంటీమీటరు వాలు చేయండి. రెండు చివర్లా అరమీటరు మేర పిడికిలంత సైజు రాళ్లు, మధ్యలో 10 నుంచి 20 మిల్లీమీటర్ల కడిగిన కంకర. మొత్తం సుమారు 10 యూనిట్ల (యూనిట్ అంటే 100 ఘనపుటడుగులు) కంకర పడుతుంది, ఖర్చులో పెద్ద భాగం ఇదే. ఈ కొలతల్లో 3,200 లీటర్లు సుమారు మూడు రోజుల పాటు రాళ్ల మధ్య నిలిచి, వేళ్లను, రాళ్లకు పట్టిన పాకుడును రాసుకుంటూ పోతాయి.

మెట్టతామర దుంపలు చదరపు మీటరుకు నాలుగు చొప్పున నాటండి. జమ్ము కూడా బతుకుతుంది, కానీ దాన్ని కోయించడం తలనొప్పి. మెట్టతామర ఎర్రగా, పచ్చగా పూస్తుంది కాబట్టి వీధిలో వాళ్లు మడిని ముద్దుగా చూసుకుంటారు, చెత్త పోయరు. ఇది పుస్తకాల్లో ఉండదు గానీ బాగా పనిచేస్తుంది.

బయటికి వచ్చే పైపు చివర ఎల్బోకు గమ్ము పూయకుండా వదులుగా బిగించండి. దాన్ని అటూ ఇటూ తిప్పితే మడిలో నీటి మట్టం పెరుగుతుంది, తగ్గుతుంది. నీళ్లెప్పుడూ కంకర పైభాగానికి 5 నుంచి 10 సెంటీమీటర్ల కిందే ఉండాలి. పైకి కనబడితే దోమలే. మొక్కలు నిలదొక్కుకోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, అప్పటిదాకా బయటికి వచ్చే నీళ్లను చూసి నిరాశ పడొద్దు. ఈ నీళ్లను సుబాబుల్‌కు, జామాయిల్‌కు, గేదెల గడ్డికి పారించుకోవచ్చు. ఆకుకూరలకు, పచ్చిగా తినేవాటికి పెట్టొద్దు. గడ్డి కోయడానికి వారం ముందు పారకం ఆపేయండి.

పనిచేస్తోందా లేదా, ఇలా చూడండి

తొట్టిలో మడ్డి: కర్రకు తెల్ల గుడ్డ చుట్టి అడుగు దాకా దించి తీయండి. నలుపు నీటి లోతులో మూడో వంతు ఎక్కితే తోడించే రోజు వచ్చినట్టు. పై తెట్టు వారానికోసారి తీయాలి. తీసిన మడ్డిని ఆరబెట్టి పెంటదిబ్బలో కలపండి, చెరువులో పోయొద్దు.

గుంతలో మట్టం: పొద్దున్నే వీధిలో వాడకం మొదలుకాక ముందు, నిలబెట్టిన పైపులోంచి కర్ర దించి కొలిచి రాయండి. రాత్రంతా ఇంకాక మిగిలిన నీళ్లవి. వారం వారం ఆ గీత పైకి పాకుతుంటే గోడలు మూసుకుపోతున్నాయని అర్థం. పొంగేదాకా ఆగకుండా ఆ గుంత పైపు మూసేసి నెలా రెండు నెలలు ఎండబెట్టండి.

మడి నీళ్లు: తెల్ల సీసాలో నిండా పట్టి, మూత బిగించి, నీడలో ఐదు రోజులు ఉంచండి. తెరిచినప్పుడు కుళ్లిన గుడ్డు వాసన కొడితే నీళ్లలో ఇంకా కుళ్లే సరుకు మిగిలి ఉందన్న మాట. మొదట తొట్టి చూడండి, తర్వాత ఎల్బో. ల్యాబులో పరీక్ష చేయిస్తే సాగుకు వదిలే నీళ్లలో బీఓడీ (కుళ్లే సరుకు ఎంతుందో చెప్పే కొలత) లీటరుకు 100 మిల్లీగ్రాములు మించకూడదు, వాగులోకి వదిలేట్టయితే 30.

దగ్గరి బోరు: పని మొదలుపెట్టక ముందు ఒకసారి, మొదటి వానాకాలం పోయాక ఒకసారి నీళ్లు పరీక్ష చేయించండి. నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదు, 100 మిల్లీలీటర్లలో ఇ.కోలి (మలం నుంచి వచ్చే సూక్ష్మజీవి) అసలు ఉండకూడదు. ముందు చేయించిన కాగితం లేకపోతే, రేపు ఏ తేడా వచ్చినా నింద మీ గుంత మీదే పడుతుంది.

కంపు వస్తోందని తొట్టిలో, మడిలో బ్లీచింగ్ పౌడరు గుప్పించేవాళ్లుంటారు. మురుగును తినే సూక్ష్మజీవులు చచ్చి, వాసన నాలుగు రోజులాగి రెట్టింపై వస్తుంది. ఫినాయిలూ అంతే.

ఇప్పటికే పొంగుతున్న గుంత ఉంటే

పూడ్చేయకండి. కాలువను తాత్కాలికంగా పక్కకు మళ్లించి, గుంతలో నీళ్లు ఇంజనుతో తోడించి, పైనున్న రాళ్లు అందినంత మేర తీసి నెల రోజులు ఎండకు వదలండి. పూర్తిగా ఆరి, గాలి ఆడాక మిగతా రాళ్లు తీయించి, పక్క గోడల మట్టిని రెండు అంగుళాల మందాన పారతో చెక్కండి. నల్లటి పొర పోయి అసలు మట్టి రంగు కనబడాలి. లోపల వరలు దించి, రాళ్లను కడిగి వాటి చుట్టూ పోసేయండి. ఇక మీ లెక్కలో అది ఒక గుంత. లెక్కలో తేలిన మిగతా గుంతలూ, వాటికి ముందు తొట్టీ కట్టేదాకా కాలువను మళ్లీ దానికి కలపొద్దు.